దోమతెరలో కాపలా కోళ్లు

మా మామయ్య టైలరు. ఆయన గురించి వీధిలో రెండు మాటలు చెబుతారు. ఆయన పెట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదు. ఆయన చెప్పిన రోజుకి మాత్రం ఏ బట్టా చేతికి రాదు. పెళ్లికని ఇచ్చిన చొక్కా పిల్లాడు పుట్టాక ఇచ్చాడని ఒకాయన పోట్లాటకి వస్తే, "అప్పటి నడుముకి కుట్టుంటే ఇప్పుడు పనికొచ్చేదా? నేను ఆగబట్టే సరిపోయింది," అన్నాడు. ఆ మనిషి ఆలోచించి, చొక్కా తీసుకుని, కృతజ్ఞతలు చెప్పి మరీ వెళ్లాడు.

నేను రాస్తున్నది చొక్కాల గురించి కాదు. ఈ మనిషి ప్రభుత్వ కోళ్లని పెంచి, వాటిని కాపాడబోయి వీధిని ముంచబోయిన సంగతి. వాళ్ల మేడమీద గదిలో ఉంటాను నేను. కాలేజీ మానేశాక మా ఇంట్లో నా ముఖం చూడలేక పంపేశారు. ఆ గది కిటికీ తెరిస్తే కింద పెరడు, పెరటి గోడ అవతల పెద్ద మురిక్కాలువ. కాబట్టి ఇందులో చాలా వరకు నేను కళ్లారా చూసిందే.

ఆ ఇంటికి ముందుగది కుట్టు దుకాణం. మధ్యగదిలో మామయ్యా అత్తయ్యా పడుకుంటారు. ఒకరోజు ఆరోగ్యశాఖలో పనిచేసే ఒకాయన ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వచ్చాడు. ఆయన ఉద్యోగం పేరు చాలా పొడుగు, మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. దోమల డాక్టరు అని పిలిచేవాళ్లు. మామయ్య టేపు చుడుతుంటే ఆయన చూపు మధ్యగది దాటి పెరట్లోకి పోయింది. నడుముకి టేపుతోనే అటు నడిచాడు. గాల్లో చెయ్యి ఆడించి ఒకదాన్ని పట్టి, జేబులోంచి భూతద్దం తీసి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"ఏమండీ, ఇంత మంచి దోమలు పెట్టుకుని ఎవరికీ చెప్పలేదేంటి?" అన్నాడు.

అత్తయ్య చేతులు తుడుచుకుంటూ, "ఏదో మీ అభిమానం," అంది. ఆ ఇంట్లో ఏదైనా బాగుందని బయటివాళ్లు అనడం ఆవిడ వినడం అదే మొదలు.

ఆయన వివరంగా చెప్పాడు. ఈ దోమల్లో ఒక్కోసారి వైరస్ ఉంటుంది. అది చాలామందిని ఏమీ చెయ్యదు. కొందరికి జ్వరం వస్తుంది, ఏ కొద్దిమందికో మెదడుకెక్కి మనిషిని మంచాన పడేస్తుంది. మనుషులు పడిపోయాక తెలుసుకుంటే లాభం లేదు, ముందే తెలియాలి. అందుకు కోళ్లు కావాలి. వైరస్ ఉన్న దోమ కోడిని కుట్టినా కోడికి ఏమీ కాదు, మేత కూడా తగ్గదు. దాని వల్ల ఇంకెవరికీ అంటదు. కానీ రక్తంలో గుర్తు పడుతుంది. వారం వారం ఆ రక్తం పరీక్ష చేస్తే వైరస్ వీధిలోకి వచ్చిందో లేదో తెలిసిపోతుంది.

"అంటే కోళ్ల డ్యూటీ ఏంటండీ?" అన్నాడు మామయ్య.

"ఆరుబయట కూర్చుని దోమలకి దొరకడం."

"అంతేనా?"

"అంతే. గుడ్లు మీరే తీసుకోండి. కోళ్లని మాత్రం కొయ్యకూడదు, అమ్మకూడదు, చీకటి పడ్డాక ఇంట్లో పెట్టకూడదు."

అత్తయ్యకి గుడ్లన్న మాట తర్వాత ఇంకేమీ వినిపించలేదు. అలా ఆరు కోళ్లు వ్యాన్లో దిగాయి. కాళ్లకి రంగు కడియాలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు, తెలుపు, పసుపు. రాత్రిళ్లు తీగల గూట్లో, పగలు పెరట్లో. ప్రతి వారం పొద్దున్నే ఒక అమ్మాయి ఐసుపెట్టె పట్టుకుని వచ్చి రెక్క కింద సూది గుచ్చి రక్తం తీసేది. ఆ పిల్లకి సూదమ్మాయి అని పేరు పడింది. తన వేలిలో కుట్టుమిషను సూది దిగితే ఆ వేలు నోట్లో పెట్టుకుని రెండో చేత్తో పని చేసుకునే మామయ్య, కోడికి సూది గుచ్చుతుంటే గోడవైపు తిరిగి నిలబడేవాడు.

అందులో పసుపు కడియానికి భయం లేదు. నడిచి దుకాణంలోకి వచ్చేసేది. బిట్టుగుడ్డల బుట్టలో కూర్చునేది, టేపు కొస పొడిచేది, గుండీలు మింగేది. ఒకసారి ఇస్త్రీ చేసి పెట్టిన కోటు జేబులో గుడ్డు పెట్టింది. ఆ కోటు వేసుకున్న మనిషి ఇంటర్వ్యూకి వెళ్లి కూర్చున్నాడట. ఉద్యోగం రాలేదు. మామయ్య దగ్గరికి వచ్చి అరిస్తే, "మా పిల్ల ఎవరికి పడితే వాళ్లకి పెట్టదు," అన్నాడు మామయ్య. అప్పటికే "మా పిల్ల" అయిపోయింది.

ఒకరోజు సూదమ్మాయి ఐసుపెట్టెతో పాటు చిల్లుల అట్టపెట్టె కూడా తెచ్చింది.

"బాబాయ్ గారూ, పసుపుది పాజిటివ్. తీసుకెళ్లాలి."

"ఏమైంది? జ్వరమా?"

"ఏమీ లేదండి. గుర్తు ఒకసారి పడింది కదా, ఇక కొత్తగా ఏ దోమ కుట్టినా మనకి తెలీదు. దాని పని అయిపోయింది. బదులు వేరే కోడి ఇస్తాం, రూలు."

"పని అయిపోతే దాన్నేం చేస్తారు?"

"నాకు తెలీదండి. ఆఫీసులో అప్పగించడం వరకే నా పని."

పని అయిపోయిన కోడిని ఎవరైనా ఏం చేస్తారో మామయ్యకి ఒకరు చెప్పక్కర్లేదు. పసుపు కడియం పెట్టె చిల్లులోంచి ముక్కు బయటపెట్టి చూస్తూ వెళ్లిపోయింది. బదులు కోడి వద్దన్నాడు. "ఇంటి మనిషిని పట్టుకుపోయి బదులిస్తారా? ఇదేమైనా చిరిగిన గుడ్డా, మాసిక వేసుకోవడానికి?"

ఆ సాయంత్రమే పొగ మిషను వచ్చింది. మనుషులొచ్చి కాలువలో పూడిక తీశారు. వీధిలో ఎవరికీ జ్వరం రాలేదు. అంటే కోడి తన పని సరిగ్గా చేసింది, ఆఫీసు తన పని సరిగ్గా చేసింది. మామయ్యకి అదేమీ కనపడలేదు. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఒకటే పాట. "ఒళ్లు దిట్టంగా ఉన్నదాన్ని పట్టుకుపోయారండీ!"

పక్క సెలూన్ బాబాయి ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. "నువ్వూ దిట్టంగానే ఉన్నావు. జాగ్రత్తగా ఉండరా," అని నవ్వాడు.

మామయ్య నవ్వలేదు. మధ్యగదిలోకి వెళ్లి, మంచం మీది దోమతెర విప్పి, కత్తిరించడం మొదలుపెట్టాడు.

గూటికి కొలతలు తీశాడు, కోళ్లకీ తీశాడు. నాలుగు మూలలా సరిపోయేలా, పైన గాలి ఆడేలా, గుడ్డు తీసుకోవడానికి పక్కన జిప్పుతో, గాలికి లేవకుండా అంచులో సీసపు గుళ్లు పెట్టి కుట్టాడు. పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికల్లా పూర్తి చేశాడు. ఆయన జన్మలో టైముకి పూర్తయిన మొదటి కుట్టు అది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది. "ఇన్నేళ్ల కాపురంలో నాకొక్క జత టైముకి కుట్టిచ్చిన పాపాన పోలేదు. కోళ్లకి జిప్పు కూడానా!"

"అవి నోరు లేనివే."

"నోరుండి నేనేం బాగుపడ్డాను? సరే, మరి మనకి తెర ఏదీ?"

"మనం మనుషులం. చేతులున్నాయి, కొట్టుకుంటాం. వాటికి చేతులున్నాయా?"

అప్పట్నుంచి రోజూ పొద్దు వాలగానే తెర కప్పి జిప్పు లాగేవాడు. తెల్లారి మడిచి మిషను బల్ల కింద పెట్టేవాడు. సూదమ్మాయి వచ్చేసరికి గూడు మామూలు గూడే. దోమలకి దొరకవలసిన కోళ్లు తెరలో హాయిగా నిద్రపోయేవి. తెరలో పడుకోవలసిన మొగుడూ పెళ్లాలు మధ్యగదిలో ఒళ్లంతా కొట్టుకునేవాళ్లు. ఆ చప్పుడు మేడమీదికి వినపడేది. కింద ఎవరో ఎవర్నో మెచ్చుకుంటూ చప్పట్లు కొడుతున్నట్టు ఉండేది నాకు.

"మామయ్యా, దోమలు కుట్టకపోతే ఆ కోళ్లు ఇక్కడ ఎందుకు?" అని ఒకసారి అడిగాను.

"డాక్టరుకి కావలసింది ఏంటి? వైరస్ రాకూడదనే కదా? రాకుండా చూస్తున్నాను. నీకు చదువు ఎక్కనిది ఇందుకే."

ఫలితాలు రావడం మొదలైంది. మిగతా పేటల్లో కోళ్లకి ఒక్కొక్కదానికీ గుర్తు పడుతోంది. మా పెరట్లో సున్నా. మళ్లీ సున్నా. డాక్టరు నమ్మలేక ఒక ఉచ్చు తెచ్చాడు. చిన్న బల్బు, కింద ఫ్యాను, దాని కింద గుడ్డసంచి. వెలుగుకి వచ్చిన దోమని ఫ్యాను సంచిలోకి లాగేస్తుంది. దాన్ని బట్టలారేసే కర్రకి కట్టి వెళ్లి, మర్నాడు చూస్తే సంచి బరువుగా వేలాడుతోంది. దోమలు ఇన్ని, కోళ్లలో గుర్తు లేదు. డాక్టరు ఎర్ర కడియాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చదువుకున్నవాళ్లు ఒంటరిగా అంతసేపు ఆలోచించకూడదు.

"ఈ కోళ్లలో ఏదో ఉంది," అన్నాడు చివరికి. "దోమలు వీటి దగ్గరికి రావట్లేదు. ఒంటి వాసనో, ఈకలో ఏదైనా రసాయనమో..."

ఈ మాట అనేటప్పుడు ముందుగదిలో నలుగురు కూర్చుని ఉన్నారు. సాయంత్రానికి వీధంతా తెలిసింది. మర్నాటి నుంచి మా పెరట్లో ఈకలకి జనం. ఒకరు తలుపుకి కట్టారు, ఒకరు ఉయ్యాలకి కట్టారు. సెలూన్ బాబాయి చెవి మీద పెన్సిలులా పెట్టుకుని గడ్డాలు గీసేవాడు. ఒకావిడ కోడిరెట్ట నీళ్లలో కలిపి గుమ్మంలో చల్లింది. వాళ్లింటికి దోమలే కాదు, చుట్టాలు రావడం కూడా తగ్గింది. దోమల కాయిల్స్ కొనడం మానేశారు. తెరలు విప్పి కర్టెన్లు కుట్టించుకోవడానికి మామయ్య దగ్గరికే తెచ్చారు. ఇక సున్నా వచ్చిన పేటకి పొగ ఎందుకని ఆఫీసు మిషనుని ఇంకో పేటకి మార్చింది. కాలువలో పూడిక తీసేవాళ్లూ అటే పోయారు.

మామయ్య మిషను బల్ల కింద తెరని కాలితో ఇంకా లోపలికి తోశాడు. ఎవరైనా ఈక అడిగితే, "అందులో ఏమీ లేదండీ," అనేవాడు. "చూశారా, ఎంత వినయమో," అని ఇంకో రెండు పీక్కుపోయేవాళ్లు. కోళ్ల తోకలు మొండి చీపుర్లయ్యాయి.

అప్పుడు డాక్టరు ఆఖరి దెబ్బ వేశాడు. "శుభవార్త. అయిదు కోళ్లనీ పెద్ద ల్యాబుకి పంపుతున్నాం. వచ్చే వారం వ్యాను వస్తుంది."

"అక్కడేం చేస్తారు?"

"లోపల ఏముందో చూస్తారు."

"లోపల అంటే... లోపలేనా?"

"లోపలే."

డాక్టరు వెళ్తూ, నడుము దగ్గర పిన్నీసు పెట్టుకున్న ప్యాంటు చూపించి, "నా ఇంకో ప్యాంటు..." అన్నాడు. మామయ్యకి వినపడలేదు.

ఆయన ఎలా ఇరుక్కున్నాడో చూడండి. తెర తీసేస్తే దోమలు కుడతాయి, గుర్తు పడుతుంది, ఒక్కొక్కటీ పసుపుదాని దారి పడుతుంది. తెర ఉంచితే అయిదూ ఒకేసారి పోతాయి. నిజం చెబితే తెరా పోతుంది, పరువూ పోతుంది, కోళ్లని ఇంకెవరి పెరట్లోనో పెడతారు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు కలిపేవాడు.

"కోళ్లకి తెర కట్టి నీ మెడకి బిగించుకున్నావు," అంది అత్తయ్య. తిట్టడానికి అన్నా, పక్కన కూర్చుని విసురుతూనే ఉంది.

ఇంతలో సెలూన్ మూతపడింది. బాబాయికి జ్వరం. ముందు తలనొప్పి అన్నారు, తర్వాత మెడ తిరగట్లేదన్నారు, తర్వాత ఆసుపత్రిలో చేర్చారు. మంచం మీద కూడా గాల్లో కత్తెర ఆడిస్తూ, "తర్వాత ఎవరు? కూర్చోండి," అంటున్నాడట. ఒక సాయంత్రం ఆయన భార్య ఆసుపత్రి నుంచి నేరుగా మా దుకాణానికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది.

"అన్నయ్యగారూ, ఒక్క ఈక ఇవ్వండి. ఆయన చెవి మీదది పాతబడిపోయినట్టుంది, పనిచెయ్యడం మానేసింది. కొత్తదైతే తగ్గుతుందేమో."

మామయ్య ఆవిడ ముఖంలోకి చూశాడు. కొలతలు తీసుకునేటప్పుడు కూడా ఆయన మనుషుల ముఖం చూడడు. లేచాడు. మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల కింద నుంచి తెర లాగి చంకలో పెట్టుకున్నాడు.

"ఈకలో ఏమీ లేదమ్మా," అన్నాడు. "ఉన్నదంతా ఇందులో ఉంది." నా వైపు తిరిగి, "పదరా, ఆఫీసు మూసేస్తారు," అన్నాడు.

ఆఫీసు మెట్ల మీదే ఆయన ఆగిపోయాడు. మూడో మెట్టు మీద, కట్టగట్టిన పాత ఫైళ్ల మీద, కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది పసుపు కడియం. మేం చూసినప్పటికి ఒకటిన్నర రెట్లు ఉంది. మామయ్యని చూసి, దిగి వచ్చి, మెడలో టేపు లేదని అటూ ఇటూ వెతికింది.

"ఇదేంటి, బతికుందా?" అన్నాడు.

గుమ్మం దగ్గర బంట్రోతు తాపీగా చెప్పాడు. "పని అయిపోయిన కోడిని ఏం చెయ్యాలో రూల్సులో లేదండి. పై ఆఫీసుకి రాశారు. జవాబు వచ్చేదాకా ఇక్కడే. మా సారు ఫైళ్ల మీదే గుడ్లు పెడుతోంది."

లోపల సూదమ్మాయి కనపడితే మామయ్య ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెబుదామనే అనుకున్నానండి. నేను వచ్చినప్పుడల్లా మీరు గోడవైపు తిరిగి నిలబడతారు. గోడకి చెప్పనా?"

మామయ్య డాక్టరు బల్ల మీద దోమతెర పరిచాడు. జిప్పు లాగి చూపించాడు, మళ్లీ మూసి చూపించాడు. ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. డాక్టరు అంచులోని సీసపు గుళ్లని వేలితో తడిమి చూశాడు.

"ఇది మీరు ఎన్ని రోజుల్లో కుట్టారు?"

"ఒక్క పూటలో."

"నా ప్యాంటు ఈ కోళ్లు రాకముందే ఇచ్చాను." అప్పుడు అసలు విషయం తలకెక్కి కుర్చీలో జారిపోయాడు. "అంటే మా దగ్గరున్న సున్నాలన్నీ..."

"తెర సున్నాలు సార్," అంది సూదమ్మాయి.

"ఆ పేటలో వైరస్ ఎంతుందో మనకేమీ తెలీదన్నమాట. కోళ్లని ఇప్పుడు బయటపెడితే గుర్తు పడేసరికి వారాలు పడుతుంది. ఇన్ని వారాలూ ఆ పెరట్లో తెర లేకుండా దోమలకి దొరికిన ప్రాణి ఒక్కటి కూడా లేదు!"

మామయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నేనున్నాను. వాటి తెర నాదే. వాటిని కుట్టాల్సినవన్నీ నన్నే కుట్టాయి. తియ్యండి."

డాక్టరు మామయ్య చేతినీ, సూదమ్మాయినీ మార్చి మార్చి చూశాడు. "మన దగ్గర మనుషులకి ఫారం లేదే. ఆసుపత్రి ద్వారా వెళ్తే ఆలస్యం."

"కోళ్ల ఫారంలోనే రాసేస్తాను సార్. ల్యాబులో ఫోన్ చేసి చెబుతాను. కడియం రంగు అన్న చోట ఏం పెట్టను?"

డాక్టరు ఆలోచించాడు. ఈసారి తక్కువసేపే. "పసుపు ఖాళీగా ఉంది కదా."

అలా మా మామయ్య పసుపు కడియం అయ్యాడు. సూది దిగుతుంటే అలవాటుగా గోడవైపు తిరగబోయి, ఆగి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఫలితం వచ్చిన పొద్దున్న పొగ మిషను, పూడిక తీసేవాళ్లు, తెరలు పంచేవాళ్లు ఒకరి వెనక ఒకరు మా వీధిలోకి వచ్చారు. వాళ్ల ముందు డాక్టరు, సూదమ్మాయి. ఆ పిల్ల చేతిలో ఐసుపెట్టె, చంకలో చిల్లుల అట్టపెట్టె.

"పాజిటివ్ అండి," అంది. "ఈ మధ్యే తగిలినట్టుంది. మీకు జ్వరమేమైనా వచ్చిందా?"

"ఏమీ లేదు. తిండి కూడా తగ్గలేదు," అంది అత్తయ్య, ఆయన బదులు. "మరి పాజిటివ్ వస్తే తీసుకెళ్తారుగా? తీసుకెళ్లండి. బదులు ఇంకొకర్ని ఇవ్వడం మీ రూలేనటగా. ఈసారి చెప్పిన రోజుకి బట్టలిచ్చే మనిషిని చూసి పంపండి."

డాక్టరు నవ్వు ఆపుకుంటూ ఒక కాగితం తీసి చదివాడు. పై ఆఫీసు నుంచి జవాబు రాలేదట, ఇక తానే రాసుకున్నాడట. పసుపు కడియం విధి పూర్తయింది కనుక, ఇకపై దాన్ని పెంచినవారి ఇంట్లోనే ఉంచుకోవచ్చు. మిగతా కడియాలకి కూడా ఇదే వర్తిస్తుంది. ల్యాబు ప్రయాణం రద్దు.

"ఇది కోడికా, ఈయనకా?" అంది అత్తయ్య.

"ఇద్దరికీ పనికొస్తుందండి," అన్నాడు డాక్టరు. "ఒక్కటే షరతు. కోళ్లకి తెర వద్దు."

సూదమ్మాయి అట్టపెట్టె మూత తెరిచింది. పసుపు కడియం గంతేసి, నేరుగా వెళ్లి బిట్టుగుడ్డల బుట్టలో కూర్చుంది.

సెలూన్ బాబాయి ఆసుపత్రి నుంచి వచ్చాడు. చెయ్యి కొంచెం వణుకుతోందని జనం ఇంకో సెలూన్‌కి పోతుంటే, మామయ్య వెళ్లి మొదటి కుర్చీలో కూర్చుని మెడ పైకెత్తాడు. రెండు గాట్లు పడ్డాయి. మెడ ఇంకొంచెం పైకెత్తాడు.

"నీవల్లే కదరా పోయేవాణ్ని," అన్నాడు బాబాయి కత్తి తుడుస్తూ.

"అందుకేగా మెడ ఇచ్చాను," అన్నాడు మామయ్య.

ఆ సాయంత్రం పొద్దు వాలింది. అత్తయ్య ఆఫీసు నుంచి తిరిగొచ్చిన పాత తెరని మంచానికి కట్టేసుకుంది, జిప్పుతో సహా. మామయ్య గూటి ముందు నిలబడ్డాడు. కాలువ వైపు నుంచి వచ్చిన ఒక దోమ రెండుసార్లు చుట్టూ తిరిగి ఆకుపచ్చ కడియం ఎర్రటి జుట్టు మీద వాలింది. మామయ్య చెయ్యి లేచింది. గాల్లో ఆగింది. ఆ చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, "నీ డ్యూటీ నువ్వు చెయ్యి తల్లీ," అని లోపలికి వెళ్లి, డాక్టరు ప్యాంటు ముందేసుకుని కూర్చున్నాడు.